పాయింట్ మూయెట్ ముక్కు

పాయింట్ మూయెట్, టెర్బోన్ బే
సెప్టెంబరు మొదటి సోమవారం, 1958

సిస్టర్ మేరీ బెనెడిక్ట్ గారికి, అంటే ఆ పేరు పెట్టుకోకముందు నన్ను రోజూ బురదలోకి తోసిన మా జెనోబీ అక్కకి,

ఇక్కడ అందరం కులాసా. కులాసాగా లేనివాళ్ల గురించి రాస్తే కాగితం చాలదు, కాబట్టి వాతావరణంతో మొదలుపెడతాను. పగలు ఎండ అలాగే ఉంది కానీ తెల్లారగట్ల గాలికి కొంచెం పదును వచ్చింది. చిత్తడిలో పెరిగిన తెల్ల రొయ్యలు మూటాముల్లె సర్దుకుని కాలవల వెంట బేలోకి దిగుతున్నాయి. వాటి వెనకే ట్రౌట్ చేపలు. వేసవంతా బయటి సముద్రంలో షికార్లు కొట్టి, ఆకలేసేసరికి అత్తారింటికి చేరే అల్లుళ్ల లాగా వచ్చేస్తున్నాయి.

మన చర్చికి కొత్త ఫాదర్ వచ్చాడు. పేరు కీర్నన్. ఒహాయో మనిషి. ఇక్కడికి రాకముందు ఆయన చూసిన అతి పెద్ద నీళ్లు బాప్తిస్మం తొట్టిలోవే. మొన్న వల బాగుచేసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ప్లేజాన్స్ గారూ, మీ ఊళ్లో చేపల్ని ముక్కుతో పడతారటగా?"

"ముక్కుతో పట్టం ఫాదర్. పట్టేది గాలంతోనే. ముక్కుతో వెతుకుతాం."

చెప్పాను ఆయనకి. ట్రౌట్ మంద రొయ్యల మీద పడి పీకల దాకా మెక్కుతుంది, మెక్కి కక్కుతుంది, ఆ కక్కిన దాంట్లోంచి నూనె పైకి తేలి నీటి మీద పళ్లెమంత మచ్చ కడుతుంది. ఆ మచ్చకి అప్పుడే కోసిన పుచ్చకాయ వాసన.

"పుచ్చకాయా!" అన్నాడు.

"ఔను ఫాదర్. చేపల్ని చేసిన రోజు దేవుడి దగ్గర ఆ వాసన కాస్త మిగిలిపోయినట్టుంది."

ఆయన నవ్వాలో సిలువ గీసుకోవాలో తేల్చుకోలేక రెండూ చేశాడు. ఆ తర్వాత, ఏటా సెప్టెంబరు రెండో శనివారం జరిగే మన వేట సంగతి చెప్పాను. ఊరి పడవలన్నీ ఒకే వరసలో బయల్దేరడం, ముందు పడవలో ఊరి ముక్కు, అంటే నేను, నిలబడటం, నేను చెయ్యి ఎత్తేదాకా వెనక ఎవడూ నోరెత్తకపోవడం, ఆ రోజు పడ్డ చేపలన్నీ చర్చి దొడ్లో వేయించి ఊరంతా తినడం.

"ఎవరూ నోరెత్తరా? మీ ఊరివాళ్లేనా?" అన్నాడు. పాపం, వచ్చి నెల్లాళ్లే అయినా జనాన్ని బాగానే పట్టాడు. తననీ నా పడవలో తీసుకెళ్లమన్నాడు. సరేనన్నాను.

అల్సీద్ ఎప్పటిలాగే నా వెనక పడవలో. ముప్పై ఏళ్లుగా నా వీపు చూసీ చూసీ వాడికి నా చొక్కాల అతుకులన్నీ కంఠతా వచ్చు. ముందు పడవ మీద వాడికున్న ఆశ కూడా ముప్పై ఏళ్లదే, దానికి ఇంకా అతుకు పడలేదు.

ఇంకేం విశేషాల్లేవు. జూలైలో నాకు జ్వరం వచ్చి తగ్గింది. మా కోడలు వెల్మా వంట బాగుపడింది. నిన్న రొయ్యల గంబో పులుసు రెండుసార్లు పెట్టించుకున్నాను. కాఫీ కూడా బాగా కాస్తోంది పిల్ల.

నీ తమ్ముడు
ఓవీడ్


మఠం, కాన్సస్ గోధుమ చేల నడిమధ్య
సెప్టెంబరు రెండో వారం

ఒరేయ్ ఓవీడ్,

మా మదర్ సుపీరియర్ ఉత్తరాలన్నీ విప్పి చదివాకే ఇస్తుంది. మన ఫ్రెంచి ఆమెకి రాదు. "మీ తమ్ముడు ఏం రాశాడు సిస్టర్?" అని అడిగితే, పరలోకం గురించి బెంగపెట్టుకున్నాడని చెప్పాను. చేపల వాంతి గురించి రాశాడని ఎలా చెప్పను?

పరలోకం అంటే గుర్తొచ్చింది. మాకు శుక్రవారం చేప పెడతారు. డబ్బాలోంచి వస్తుంది. నలుచదరంగా ఉంటుంది. ఆది నుంచీ దేవుడు చేసినవన్నీ చదివాను, నలుచదరపు చేపని ఏ రోజున చేశాడో ఎక్కడా లేదు. తల లేదు, తోక లేదు, ముల్లు లేదు, పాపం లేదు. దాన్ని తింటూ నేను బే గురించి ఆలోచిస్తాను, అదే నా ఉపవాసం.

సరే, అసలు సంగతికొస్తాను. వెల్మా గంబో రెండుసార్లు పెట్టించుకున్నావా? పోయినేడు నువ్వే రాశావు, ఆ పిల్ల గంబో మిగిలితే పెలికన్‌కి వేశామనీ, అది రెండు రోజులు ఎగరడం మానేసి దిమ్మ మీద కూర్చుని ఆలోచించిందనీ. ఆ కాఫీతో నీ కొడుకు విల్మర్ పడవ అడుగున పాచి గీకాడనీ. వెల్మా వంట బాగుపడాలంటే అద్భుతం జరగాలి. అద్భుతాలు మా శాఖ, మాకు తెలియకుండా జరగవు.

కాబట్టి ఒరేయ్, ఆ పిల్ల వంటకేమీ కాలేదు. జూలై జ్వరంలో నీ ముక్కు పోయింది. ఔనా, కాదా? నీకు ఆ వాసన పట్టడం నేర్పింది నేను. నా దగ్గర దొంగ సాక్ష్యం చెప్పకు.

జెనోబీ


పాయింట్ మూయెట్
రెండో శనివారానికి ముందు గురువారం

సిస్టర్ గారికి,

తమరి లేఖ అందినది. మా నాసిక విషయమై తమకు కలిగిన అనుమానం నిరాధారమని సవినయంగా మనవి చేయడమైనది.

పై వాక్యం రాసి, వరండాలోకి వెళ్లి చుట్ట కాల్చుకుని వచ్చాను. చుట్టకి కూడా వాసన లేదక్కా. వేడి గాలి మింగినట్టుంది. మా ఆవిడ ఒదీల్ ఉతికిన దుప్పటికీ, కుళ్లిన రొయ్యల బుట్టకీ నా ముక్కు దగ్గర ఒకటే మర్యాద. హ్యూమా పట్నంలో డాక్టరు టార్చి వేసి రెండు రంధ్రాల్లోకీ చూశాడు. "లోపల అంతా బాగానే ఉంది" అన్నాడు. ఇల్లు బాగానే ఉందయ్యా, మనిషేడీ?

ఎవరికీ చెప్పలేదు. ఒదీల్‌కి కూడా. చెబితే ఏమవుతుందో నీకు తెలుసు. అల్సీద్ ముందు పడవ ఎక్కుతాడు, అది సగం చావు. మా విల్మర్ నా పడవ తాళం తీసేసుకుని, "నాన్నా, చేసింది చాల్లే" అని నన్ను ఐసు కొట్టులో ఎర రొయ్యలు అమ్మడానికి కూర్చోబెడతాడు, అది మిగతా సగం. వాడు మంచివాడే. మంచివాళ్లతోనే ఈ ప్రమాదం.

కళ్లున్నాయిగా, నూనె మచ్చ కనబడదా అంటావేమో. నువ్వు వెళ్లిన తర్వాత బే నిండా చమురు బావులు దిగాయి. వాటి నుంచి కారే నూనె కూడా నీటి మీద అలాగే తళతళలాడుతుంది. కంటికి రెండూ ఒకటే. తేడా చెప్పేది ముక్కే. పిట్టల్ని చూసి పోదామంటే, పెద్ద సముద్రపు కాకులు నిజం చెబుతాయి గానీ, అబద్ధాల పిట్టలున్నాయిగా, ఆ చిన్న తెల్లవి, ఏమీ లేని చోట కూడా కొంపలంటుకున్నట్టు గోల పెట్టి దూకేవి, ఈ ఏడు అవే ఎక్కువున్నాయి.

ఎల్లుండి వెళ్లాలి. ముందు నిలబడాలి. మా ఫాదర్ కొత్త టోపీ కూడా కొన్నాడు. నాకోసం ప్రార్థించు. ఏమని ప్రార్థించాలో నాకే తెలీదు, నువ్వే చూసి ఏదో ఒకటి చెప్పు.

ఓవీడ్


పాయింట్ మూయెట్
శనివారం సాయంత్రం, ఇంకా చేతికి పొలుసులు ఉన్నాయి

అక్కా! అక్కా!

నీ జవాబు వచ్చేదాకా ఆగలేను. విను.

పొద్దున్నే బయల్దేరాం. ముందు నేను, నా పక్కన టోపీతో ఫాదర్, వెనక అల్సీద్, ఆ వెనక ఊరంతా. ఎవరూ మాట్లాడట్లేదు. నేను గడ్డం పైకెత్తి, కళ్లు సగం మూసి, ముక్కు రంధ్రాలు పెద్దవి చేసి, పటంలో సెయింట్ల మొహం ఉంటుందే, అది పెట్టాను. 

పాత కర్రల మలుపు దాటుతుంటే వెనక ఏదో కదలిక. తిరిగి చూస్తే పడవలు ఒక్కొక్కటే వరస తప్పి ఎడమకి జారుకుంటున్నాయి. మా విల్మర్ పడవ కూడా! ఎవరూ నోరెత్తట్లేదు, కానీ నావైపు చూసే చూపులు వేరుగా ఉన్నాయి. అయిపోయింది అనుకున్నాను. అక్కడ వాసన వస్తోంది, ఊరందరికీ వస్తోంది, నాకు తప్ప. ఆగితే అడుగుతారు. అడిగితే చెప్పాలి. అందుకని ఆగకుండా నేరుగా పోయాను. ధైర్యం కాదక్కా, ఆగే ధైర్యం లేక.

పోయి పోయి ఆల్చిప్పల దిబ్బ అవతలికి వచ్చేసరికి, భయానికో, పొద్దున తాగిన కాఫీకో, ఒంటేలుకి ఆగలేని పరిస్థితి వచ్చింది. ఇంజను ఆపాను. "ఫాదర్, కాస్త అటు తిరగండి" అన్నాను. వెనక ఇంకా మిగిలిన నాలుగు పడవలవాళ్లకి, కాస్త ఆగండర్రా అని చెయ్యి ఎత్తాను.

చెయ్యి ఎత్తాను! వాళ్లు ఆగలేదు, చేపలున్నాయన్న గుర్తనుకుని గాలాలు విసిరారు. నేను పని కానిస్తుండగా నాకు అటూ ఇటూ బెండ్లు టపటపా మునిగిపోతున్నాయి. ట్రౌట్ అక్కా! మోచేతి పొడవు! నోరు పసుపు, వీపు నిండా చుక్కలు! ఫాదర్ అటు తిరిగే ఒకటి పట్టాడు.

ఇంతలో ఎడమకి పోయినవాళ్ల దగ్గర గోల. అక్కడ బురద తప్ప ఏం లేదు. ఎవడో గాలం లాగితే ఆల్చిప్పల కర్రకి కట్టిన గోనెసంచి పైకొచ్చింది. సంచి నిండా చితక్కొట్టిన పుచ్చకాయలు!

ఎవరి పనో తెలుసుగా? అల్సీద్. గాలికి ఎదురుగా కట్టిపెట్టాడు. ఊరంతా చూస్తుండగా నేను ఆ బురదలో ఆగి చెయ్యెత్తాలనీ, వాడు సంచి పైకి తీసి జన్మంతా నవ్వాలనీ. ఊరందరి ముక్కులూ మోసపోయాయి, వాసనే తెలియని నా ముక్కు తప్ప!

"మామా, అది దొంగ వాసనని నీకెలా తెలిసింది?" అని అందరూ ఒకటే అడగడం.  గడ్డం కాస్త పైకెత్తాను.

చర్చి దొడ్లో పొయ్యిలు వెలిగాయి. పోతున్నాను.

ఓవీడ్


మఠం, గోధుమల మధ్య
సెప్టెంబరు మూడో వారం

ఒరేయ్,

నీ ఉత్తరం ప్రార్థన మందిరంలో చదివాను, బుద్ధి తక్కువై. ఒంటేలు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను. సిస్టర్ పెర్పెచువా క్షయ అనుకుని నా వీపుకి ఆముదం లాంటిదేదో రుద్దింది. దాని కంపు ఇంకా పోలేదు. నీ అదృష్టం, నీకది తెలియదు.

ఆ పెర్పెచువాయే నిన్న వంటింట్లో గ్యాసు పొయ్యి మీట తిప్పి, వెలిగించడం మరిచిపోయి, జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. నేను మెట్ల మీద ఉండగా కంపు తగిలింది. పరిగెత్తి కట్టేశాను. కిటికీలు తీస్తుంటే నాకు ఉన్నట్టుండి నువ్వు గుర్తొచ్చావు. నవ్వు పోయింది.

నీ పడవలో ఇంజను ఎక్కడుంది? నువ్వు కూర్చునే చెక్కపెట్టె కింద. కూర్చుని ఏం చేస్తావు? చుట్ట వెలిగిస్తావు. ఆ పెట్టెలో పెట్రోలు కారితే ఇన్నాళ్లూ నీకు ఎవరు చెప్పారు? నీ ముక్కు. ఇప్పుడు ఎవరు చెబుతారు?

చేపల సంగతి నాకక్కర్లేదు. ఒదీల్‌కి చెప్పు. విల్మర్‌కి చెప్పు. ఈ వారంలో చెప్పు. చెప్పానని నాకు రాయి. నవ్వుతూ రాయడం లేదు నేను.

జెనోబీ


పాయింట్ మూయెట్
సెప్టెంబరు ఆఖరు

అక్కా,

ఇక్కడ నా పరిస్థితి చెప్పలేను. ఫాదర్ పోయిన ఆదివారం ప్రసంగమంతా నా గురించే. శోధన, అంటే పాపం వైపు లాగే ఆశ, పుచ్చకాయ లాంటిదట. తియ్యగా వాసన వేస్తుందట, లోపల బురదట. పరిశుద్ధుడు దాని పక్కనించే పోతాడట గానీ తల తిప్పడట. ఒదీల్ నా పక్కన కూర్చుని ప్రసంగమంతా తన చెప్పుల వంక చూసుకుంది. అల్సీద్ మాత్రం నావైపే చూశాడు. ఏదో లెక్క కుదరని వాడి చూపు.

ఇంకో సంగతి. వచ్చే వారం ఎదిగిన పిల్లలకి విశ్వాసం బలపరిచే సంస్కారం ఇవ్వడానికి బిషప్పుగారు మన ఊరొస్తున్నారు. మా పేరు ఆయన దాకా పోయిందట. నా పడవలో చేపలకి వస్తానని కబురు చేశారు! పడవకి రంగు వేస్తున్నాను.

పెట్రోలు గురించి ఏదో రాశావు. ఆ ఇంజను నా చేతుల్లో పెరిగింది. మఠంలో పొయ్యిలు చూసి బేలో పడవల గురించి భయపడకు.

ఓవీడ్


పాయింట్ మూయెట్
అక్టోబరు మొదటి వారం

సిస్టర్ మేరీ బెనెడిక్ట్ గారికి,

ఈ ఊళ్లో మీకు తమ్ముడు అనేవాడు ఒకడుండేవాడు. ఇకమీదట లేడు. ఎందుకు లేడో రాస్తాను, తర్వాత రాయను.

బిషప్పుగారు రేవులో నా పడవ ఎక్కారు. ఫాదర్ ఎక్కాడు. ఊరంతా రేవులో నిలబడింది. నేను ఇంజను పెట్టె మీద కూర్చుని, ఆశీర్వాదం అయ్యాక, చుట్ట నోట్లో పెట్టి అగ్గిపుల్ల తీశాను. ఐసు పెట్టె అందిస్తానని పడవ మీదికి వంగిన అల్సీద్ ఒక్కసారి అడివిపంది లాగా నామీద దూకాడు. అగ్గిపెట్టె ఎటో పోయింది. నేనూ వాడూ నీళ్లలో పడ్డాం. బిషప్పుగారి బూట్ల నిండా నీళ్లు.

జనం అరుస్తున్నారు. విల్మర్ తెడ్డు తీసుకుని అల్సీద్‌ని కొట్టబోయాడు. రేవు దిమ్మల మధ్య నీళ్లలో, నా చొక్కా పట్టుకుని, అల్సీద్ నా చెవిలో అన్నాడు: "నోరు మూసుకో. నాకు తెలుసు. మీ అక్క ఉత్తరం రాసింది."

మీ అక్క ఉత్తరం రాసింది!

వాడు పైకెక్కి ఇంజను పెట్టె మూత తీశాడు. గొట్టం ఊడి పెట్రోలు అడుగునంతా నిలిచి ఉంది. "కంపు నాకూ కొట్టింది నాయనా" అన్నారు బిషప్పుగారు, "పడవలంటే ఇలాగే ఉంటాయి కాబోలనుకున్నాను." ఫాదర్‌ కూడా అలాగే అనుకున్నాడట. ఒడ్డు మీద పెరిగినవాళ్లు, వాళ్లనేం అంటాం.

అప్పుడు ఎవరో అననే అన్నారు. "అదేంటి, ఓవీడ్ మామకి తెలీలేదా?" అందరూ నావైపు చూశారు. నేను ముద్దగా తడిసి నిలబడ్డాను. అల్సీద్ తల తుడుచుకుంటూ, "వాడి ముక్కు చేపలకే పనిచేస్తుంది. పెట్రోలు లాంటి అల్ప విషయాలు పట్టించుకోదు" అన్నాడు. జనం నవ్వేశారు. వాడు నన్ను కాపాడాడు! అల్సీద్! ఇంతకంటే అవమానం నాకు ఈ జన్మలో లేదు.

ఊరంతటిలో వాడొక్కడే దొరికాడా మీకు?

ఓ. ప్లేజాన్స్


మఠం
అక్టోబరు రెండో వారం

ఒరేయ్ ఓవీడ్,

తమ్ముడు లేడని రాశావు. ఉన్నాడు కాబట్టే రాయగలిగాడు. దానికే నేను మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి థాంక్స్ చెప్పాను, అల్సీద్‌కి కూడా అదే ఊపులో చెప్పాను.

క్షమించమని అడగను. నీ గుట్టు చెప్పింది నేనే, మళ్లీ అవసరమైతే మళ్లీ చెబుతాను. నీ పరువు కోసం ఒక బిషప్పుని ఖర్చుపెట్టడం ఎక్కువరా. వాళ్లు తయారు కావడానికి చాలా కాలం పడుతుంది.

వాడే ఎందుకంటావా? ఒదీల్‌కి రాస్తే నీతో పోట్లాడుతుంది, నువ్వు తలుపు వేసుకుంటావు. విల్మర్‌కి రాస్తే తాళం లాక్కుంటాడు, నువ్వు వాడి మొహం చూడవు. రోజంతా కళ్లార్పకుండా నిన్ను చూస్తూ, నువ్వు ఎప్పుడు తప్పుచేస్తావా అని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ పని ముప్పై ఏళ్లుగా జీతం లేకుండా చేస్తున్నవాడు ఒక్కడే.

ఇంకొకటి నీకెప్పుడూ చెప్పలేదు. నేను మఠానికి వచ్చేముందు అల్సీద్ ఆల్చిప్పల దిబ్బ మీద నన్ను పెళ్లికి అడిగాడు. దేవుడి దగ్గరికి పోతున్నానన్నాను. కాసేపు ఆలోచించి, "ఆయన పడవ నా పడవ కంటే బాగుంటుందా?" అన్నాడు.  నన్ను పడవ మీద రేవు దాకా దింపింది కూడా వాడే. మన ఇంట్లో మీరందరూ అలిగి పడుకున్నారు, గుర్తుందా?

ఇప్పుడు నువ్వు ఒదీల్‌కీ విల్మర్‌కీ చెప్పాలి. అల్సీద్ రోజూ నీ రేవులో నిలబడి నీ అగ్గిపెట్టెల మీద దూకలేడు. వాడి మోకాళ్లు ఎలా ఉన్నాయో నాకు రాశాడు.

జెనోబీ


పాయింట్ మూయెట్
మొదటి ఉత్తరగాలి కొట్టిన మర్నాడు, అక్టోబరు

అక్కా,

అలక తీరింది. పూర్తిగా కాదు, ఉత్తరం రాసేంత.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాను. "నాకు వాసన తెలీదర్రా. జూలై నుంచీ తెలీదు. పుచ్చకాయల సంచి పక్కనించి పోయింది అందుకే. దిబ్బ దగ్గర చెయ్యి ఎత్తింది ఒంటేలుకి."  అరవై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో నేనేంటంటే నా ముక్కు. అది తీసి వాళ్ల ముందు పెట్టాను.

 అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు.

"మామా, కొత్త చోటేదో కనిపెట్టి ఒక్కడివే కొట్టేద్దామనేగా ఈ నాటకం!"

"నిజంరా బాబూ!"

"ఔనౌను. నిజం మొహం చూడండర్రా!"

ఒకడు పరిగెత్తుకెళ్లి ఐసు కొట్టు వెనక మురిగిన ఎర రొయ్యల బకెట్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. చుట్టుపక్కలవాళ్లు వాంతి చేసుకుంటూ దూరంగా పోయారు. నేను అలాగే నిలబడ్డాను. "చూశారా" అన్నాడు వాడు ముక్కు మూసుకుని, "ఎంత నిగ్రహమో!"

అల్సీద్ మెట్లెక్కి నా పక్కన నిలబడ్డాడు. "నిజమేనర్రా, వాడికి వాసన రాదు. ఆ రోజు బిషప్పుతో సహా పేలిపోయేవాడు" అన్నాడు.

"నీకు కుళ్లు అల్సీద్ మామా. సంచి కట్టింది నువ్వేగా! ఇంకా సిగ్గు రాలేదా?"

ఫాదర్ నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం ప్రసంగం వినయం గురించట. ఇంకెక్కడికి పోను?

నమ్మింది ఇద్దరే. విల్మర్ దగ్గరికొచ్చి మెల్లిగా, "తాళం ఇవ్వు నాన్నా" అన్నాడు. ఇచ్చాను. వాడు దాన్ని జేబులో వేసుకోకుండా చేతిలోనే పట్టుకు నిలబడ్డాడు. ఇంటికి పోయేటప్పుడు ఒదీల్ అంది: "నాకు జూలై నుంచే తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలేదే?"

"నువ్వెప్పుడు చెబుతావా అని చూశాను. ఈలోగా వంట మానేశాను. వెల్మా వండిందే నీకు పెడుతున్నా. నలభై ఏళ్లు వండితే 'ఉప్పు తక్కువైంది' అన్నావు, ఆ పిల్ల మాడు గిన్నెకి 'ఆహా' అన్నావు. హాయిగా ఉందయ్యా నాకు."

సాయంత్రం ఐసు కొట్టులో కూర్చున్నాను, రొయ్యలు లెక్కబెట్టడం మొదలెట్టాల్సిందేగా అని. అల్సీద్ వచ్చి ఎదురుగా డబ్బా మీద కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి.

"నా పడవలో ముందు నిలబడు" అన్నాడు. "వాసన నేను చూస్తాను. చెయ్యి నువ్వెత్తు. ఊరు ఎలాగూ నన్ను నమ్మదు, నిన్ను నమ్మకుండా ఉండదు."

"నీకేంటి లాభం?"

"ఇన్నేళ్లూ నీ వీపుని దూరం నుంచి తిట్టుకున్నాను. దగ్గర నుంచి తిడదామని."

"ఆలోచిస్తాను."

"చుట్ట నా పడవలో కుదరదు."

"అయితే ఇంకాసేపు ఆలోచిస్తాను."

నిన్న ఉత్తరగాలి దిగింది. ఆకాశం కడిగినట్టుంది, నీళ్లు చిత్తడిలోంచి జారిపోతున్నాయి, వాటితో పాటు రొయ్యలు. పడవలన్నీ కట్టు విప్పాయి. నేను అల్సీద్ పడవలో ముందు నిలబడ్డాను. చుట్ట లేకుండా. వెనక ఊరంతా, నోళ్లు మూసుకుని. విల్మర్ నా పడవలో, వరసలో రెండోవాడు. బాగానే నడుపుతాడక్కా వాడు.

పాత కర్రలు దాటాక అల్సీద్ వెనక నించి గొణిగాడు. "ఎడమ." నేను చెయ్యి ఎత్తి ఎడమకి చూపించాను. పడవలన్నీ ఎడమకి తిరిగాయి. సిగ్గేసింది. వాడి ముక్కు, నా చెయ్యి, మధ్యలో మోసపోతున్న ఊరు.

కాసేపటికి మళ్లీ, "ఎడమ. పుచ్చకాయ గుప్పున కొడుతోంది."

ఎడమ వైపు చూశాను. నీటి మీద తళతళ ఉంది, కానీ గాలికి సాగి చెదిరిపోయి, మంద వదిలేసి పోయిన పాత మచ్చలా. దాని పైన గోలగోలగా దూకుతున్నాయి అబద్ధాల పిట్టలు, మూడుసార్లు దూకి, ఏమీ దొరక్క, మళ్లీ అరుస్తూ. కుడివైపు ఏమీ లేదు. ఏమీ లేదంటే, రెండు పెద్ద సముద్రపు కాకులు నీటి మీద చప్పుడు లేకుండా కూర్చుని ఉన్నాయి, ఇంకా భోజనానికి పిలుపు రాని చుట్టాల్లా. వాటి ముందు నీటి అంచున ఒక్క రొయ్య గాల్లోకి ఎగిరి పడింది. ఒకే ఒక్కటి.

చెయ్యి ఎత్తాను. కుడికి చూపించాను.

"ఒరేయ్! ఎడమన్నాను! చెవులు కూడా పోయాయా నీకు!"

"కుడికి తిప్పు."

"కుడివైపు వాసనే లేదురా ముసలి వెధవా!"

"నాకు ఎటూ లేదు. తిప్పు."

అల్సీద్ నన్నూ, నన్ను కన్నవాళ్లనీ, మఠంలో ఉన్నవాళ్లని మాత్రం మినహాయించి, వరసపెట్టి తిడుతూ కుడికి తిప్పాడు. వెనక ఊరంతా తిరిగింది.

అక్కడ ఏం జరిగిందో నేను రాయను. నా గుట్టు అల్సీద్‌కి ఉత్తరంలో చేరవేశావుగా, ఈ సంగతి కూడా కావాలంటే వాడికే ఉత్తరం రాసి అడుగు. రోజూ రెండుసార్లు పోస్టాఫీసు ముందునించి పోతున్నాడు, ఊరికే పోకుండా వాడికీ ఒక పని ఉంటుంది.

నేను రాసేదల్లా ఒక్కటే. ఇంటికొచ్చేసరికి ఒదీల్ ముక్కు మూసుకుని నన్ను గుమ్మం దాటనివ్వలేదు. వరండాలోనే బట్టలు విప్పించి నాలుగు బకెట్ల నీళ్లు పోసింది. ఇంకా పోలేదట. చేపల కంపట. నిజమో అబద్ధమో నాకేం తెలుసు, ఆమె మాటే నమ్మాలి.

నీ తమ్ముడు
ఓవీడ్